బీబీసీ టీవీ ధారావాహిక డాక్టర్ హూ 2025 సీజన్ చివరి భాగం ‘ద రియాలిటీ వార్’: బెలిండాను ఎవరైనా అడిగారా? (కథంతా బయటపెట్టే చర్చ; చూడనివారు ఇక్కడే ఆగగలరు)

నీలిపెట్టె (విశాఖపట్నం), 1 జూన్ 2025, ఉదయం 7:10

ఏప్రిల్ 12 నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు కొత్త భాగం వచ్చేది కనుక, ఇంట్లో అందరూ భోజనానికి కూర్చునే వేళకు నేను కంచం పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లిపోవడం ఈ ఏడు వారాల్లో అలవాటైపోయింది. చివరి భాగాన్ని మాత్రం బ్రిటన్‌లో సాయంత్రం ప్రసార సమయానికే విడుదల చేయడంతో మనకు రాత్రి పదకొండు దాటింది. చూడటం అయ్యాక చాలాసేపు నిద్ర పట్టలేదు. దానికి కారణం ఆఖరున, ఒకప్పుడు ఇందులో రోజ్‌గా నటించిన బిల్లీ పైపర్ కనిపించడం కాదు, అంతకుముందు బెలిండా చంద్రకు జరిగినది.

మొదటి భాగమైన ‘ద రోబోట్ రెవల్యూషన్’ను ఒక్కసారి గుర్తు చేసుకోండి. లండన్‌లో ఒక నర్సును రోబోలు ఎత్తుకుపోతాయి. కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరిగే కథానాయకుడు డాక్టర్ వచ్చి కాపాడతాడు. అందరిలాగా ఆమె కూడా సంబరపడి అతని కాలయంత్రం టార్డిస్ ఎక్కేస్తుందనుకుంటే, తన అనుమతి లేకుండా తన డీఎన్ఏను పరీక్షించినందుకు అతణ్ణి నిలబెట్టి కడిగేస్తుంది. నన్ను మా ఇంటి దగ్గర దింపు, అది 2025 మే 24న కావాలి, అంతకు మించి నాకేమీ వద్దు అంటుంది. ఈ ధారావాహికలో ఇంత సూటిగా మాట్లాడిన కంపానియన్‌ను (డాక్టర్‌తో కలిసి ప్రయాణించే తోడును) నేను చాలాకాలంగా చూడలేదు. పైగా పాత్రకు భారతీయ మూలాలు, నటించిన వరద సేతు పుట్టింది కేరళలో. కాబట్టి నాకు కాస్త పక్షపాతం కూడా ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

అటువంటి మనిషిని నిన్నటి భాగంలో ఏం చేశారు? యుద్ధమంతా బయట జరుగుతుంటే ఆమెను పాపి అనే పాపతో సహా ఒక పెట్టెలో కూర్చోబెట్టారు. దానికి ‘జీరో రూమ్’ అని పేరు పెట్టినంత మాత్రాన అది పెట్టె కాకుండా పోదు. ఆ తర్వాత డాక్టర్ వాస్తవాన్ని ఒక డిగ్రీ పక్కకు జరిపితే, ఆమె మొదటినుంచీ ఆ పాపకు తల్లి అయిపోయింది. పాత సన్నివేశాల్లోకి కొత్త మాటలు చొప్పించి, తాను ఇల్లు చేరాలని తపించినది ఆ పాప కోసమేనని చెప్పించారు. మీలో ఎవరికైనా ఇది న్యాయంగా తోచిందా? తోస్తే ఎందుకు తోచిందో దయచేసి వివరంగా రాయండి, నేను నిజంగానే తెలుసుకోవాలనుకుంటున్నాను.

సందేహాల రావు (తణుకు), 1 జూన్ 2025, ఉదయం 8:02

మొదటి భాగంలోని ఆ రోబోలకు ప్రతి తొమ్మిదో మాటా వినబడదు కదా. రచయితకు కూడా అదే జబ్బు సోకి, బెలిండా అన్న మాటల్లో ముఖ్యమైనవన్నీ తొమ్మిదో స్థానంలో పడిపోయాయని నా అనుమానం.

ఇక అసలు సందేహం. ఈ పాపి ఎవరు? 2024లో ‘స్పేస్ బేబీస్’ భాగంలో అంతరిక్ష కేంద్రంలో కనిపించిన పాపాయి పేరు కూడా పాపియే, ఆ పాపాయే ఈ పాపాయా?

నీలిపెట్టె, 1 జూన్ 2025, ఉదయం 8:20

ముఖం అదే, పేరు అదే. ‘విష్ వరల్డ్’ భాగంలో కాన్రాడ్ అనే ప్రతినాయకుడి కోరికతో తయారైన ప్రపంచంలో డాక్టర్ జాన్ స్మిత్ అయ్యాడు, బెలిండా అతని భార్య అయింది, పాపి వారి కూతురు అయింది. ఆ ప్రపంచం కూలిపోతుంటే పాపి కూడా మాయమవుతుంది; ఆ పాపను తిరిగి తేవడానికే డాక్టర్ తన రీజెనరేషన్ శక్తిని (చనిపోబోయే వేళ కొత్త శరీరం తెచ్చుకునే శక్తిని) ధారపోస్తాడు. తిరిగి వచ్చిన పాప మాత్రం అతని కూతురు కాదు, రిచీ అనే వ్యక్తితో బెలిండాకు కలిగిన మామూలు మానవ శిశువు.

డాలస్ మామయ్య (టెక్సస్), 1 జూన్ 2025, రాత్రి 9:45

నీలిపెట్టె గారూ, అడిగారు కనుక చెబుతాను, నాకు న్యాయంగానే తోచింది.

మాకు మామూలు శనివారాల్లో కొత్త భాగం తెల్లవారుజామున రెండు గంటలకు వచ్చేది కాబట్టి పొద్దున లేచాక చూసేవాళ్లం. ఈసారి మాత్రం మధ్యాహ్నం మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని అందరితో పాటే చూశాను. రాణి అనే పేరుగల ప్రతినాయకురాలు ఓడిపోయింది, పాత శత్రువు ఒమెగా పని అయిపోయింది, అందరూ టార్డిస్‌లో నవ్వుకుంటూ ఇక ఏయే గ్రహాలకు వెళ్దామా అని మాట్లాడుకుంటున్నారు. డాక్టర్ చేతిలో పాపి చిన్న కోటు ఉంది. మాట్లాడుతూనే దాన్ని మడిచి బెలిండాకు ఇస్తాడు, ఆమె ఇంకో మడత వేసి అతనికి ఇస్తుంది, అతను మళ్లీ మడుస్తాడు. అలా మడత మడతకూ చిన్నదైపోయి చివరికి ఇద్దరి చేతుల్లోనూ ఏమీ మిగలదు, ఏదో పోయిందన్న సంగతి కూడా ఇద్దరికీ తెలియదు. పక్కన నిలబడి చూస్తున్న పాత కంపానియన్ రూబీకి ఒక్కదానికే తెలుసు. సంగీతం పెంచలేదు, ఎవరూ అరవలేదు. మా అమ్మాయి ‘నాన్నా, ఆ కోటు ఏదీ?’ అని అడిగింది. అరవై ఏళ్ల పైబడిన ఈ ధారావాహికలో ఒక బిడ్డ లేకుండా పోవడాన్ని ఇంతకంటే బాగా చూపించిన సన్నివేశం నేనెరుగను.

ఒక్క పాప కోసం తన ప్రాణం ఇవ్వగలవాడే డాక్టర్. ఆ పాప తనది కాకుండా పోతుందని తేలినా వెనక్కి తగ్గలేదు. బెలిండా విషయానికి వస్తే, జ్ఞాపకాలు తిరిగి వచ్చాక కూడా ఆమె పాపను గుండెకు హత్తుకునే ఉంది; వద్దని ఒక్క మాటైనా అనలేదు. ఆమెకు అక్కరలేనిదేదో అంటగట్టారనడం సరికాదు.

ఇంకొక చిన్న సంగతి: 2024లో వచ్చిన ‘బూమ్’ భాగంలో వరద సేతు మండీ ఫ్లిన్ అనే సైనికురాలిగా నటించింది, ఆ మండీ బెలిండా వంశంలోని మనిషే. ఆమెకు సంతానం ఉండటం అప్పటికే లెక్కలో ఉన్నదే కదా.

నైట్‌డ్యూటీ (ఇంగ్లండ్), 2 జూన్ 2025, మధ్యాహ్నం 3:30

నేను ఇక్కడ ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. సాధారణంగా చదివి వెళ్లిపోతాను, రాయను. ఈసారి రాయక తప్పడం లేదు.

బెలిండా పాత్ర నాకు నచ్చడానికి పెద్ద పెద్ద కారణాలేమీ లేవు. డ్యూటీ దిగి, నలుగురితో పంచుకునే ఇంటికి చేరి, ఒంటరిగా కూర్చునే మనిషిని తెరమీద చూశాను. పరాయి గ్రహంలో తిరుగుబాటుదారుల స్థావరానికి తీసుకుపోతే అక్కడ కూడా ముందుగా ఆమె చూపు గాయపడినవారి మీదికే పోతుంది. అది ఎవరో దగ్గరుండి గమనించి రాసిన విషయం. మా వార్డులో మాతో పనిచేసే నర్సుల్లో ఒంటరి తల్లులు చాలామంది ఉన్నారు, వారిలో ఏ ఒక్కరి జీవితమూ చిన్నది కాదు. కాబట్టి బెలిండాను తల్లిని చేశారన్నది నా ఫిర్యాదు కానే కాదు.

మా వృత్తిలో మొదట నేర్పేది అనుమతి అడగటం. రక్తపోటు చూడటానికి చేయి పట్టుకునే ముందు కూడా అడుగుతాం. ఎనభై ఏళ్ల ముసలమ్మ రోజూ చూపించుకునేదే అయినా, ఆ రోజు కూడా అడుగుతాం. మొదటి భాగంలో ఆమె డాక్టర్‌తో పోట్లాడినది సరిగ్గా ఆ విషయం మీదే. నన్ను అడగకుండా నా ఒంటి సంగతి ఎందుకు చూశావన్నది ఆమె ప్రశ్న. ఎనిమిదో భాగానికి వచ్చేసరికి ఆమె ఒళ్లు, ఆమె గతం, ఆమె జ్ఞాపకాలు అన్నీ మారిపోయాయి, ఆ మార్పు చేసినవాడు అదే డాక్టర్, ఈసారి పోట్లాడటానికి పాత బెలిండా మిగల్లేదు. డాలస్ మామయ్య గారు ఆమె వద్దనలేదు అన్నారు. మత్తులో ఉన్న రోగి వద్దనలేదు కనుక ఒప్పుకున్నట్టే అని మేము రాసుకుంటే మా ఉద్యోగాలు ఉండవు.

దీనికి ముందు వారమే వచ్చిన ‘విష్ వరల్డ్’ చూడండి. కాన్రాడ్ తన కోరికతో లోకాన్ని మార్చి, ఆడవాళ్లను ఇంటికి, భర్తకు, బిడ్డకు కట్టేస్తాడు. ఆ లోకం మీద ఎవరికైనా అనుమానం కలిగితే చేతిలోని కప్పు బల్లలోంచి జారి నేల మీద పడుతుంది. బెలిండా అడవిలోకి పరుగెత్తి గొంతు చించుకుని అరుస్తుంది. ఒక వారం అది నరకమని చూపించి, తర్వాతి వారం అందులోని బిడ్డను మాత్రం ఉంచి, దానికి సుఖాంతమని పేరు పెట్టారు. నా కప్పు అక్కడే బల్లలోంచి జారిపోయింది.

సందేహాల రావు, 2 జూన్ 2025, సాయంత్రం 4:05

నైట్‌డ్యూటీ గారి ఆఖరి వాక్యం చదివాక నేను ఏం రాసినా తేలిపోతుంది. మండీ ఫ్లిన్ సంగతి మాత్రం ఒక్క మాట: ఆమె ఎన్నో శతాబ్దాల తరువాతి మనిషి. అంత దూరపు మునిమనవరాలి కోసం 2025లోనే, అదీ ఆ శనివారంలోపే, హడావిడిగా సంతానం కలగనవసరం లేదు. బెలిండాకు ఇంకా బోలెడంత ఆయుష్షు ఉంది.

కృష్ణాతీరం (విజయవాడ), 3 జూన్ 2025, ఉదయం 6:15

నేను ఈ ధారావాహికను 2005 తరువాతి భాగాలతో మొదలుపెట్టి, ఆ పైన వెనక్కి వెళ్లి 1963 నుంచి దొరికినవన్నీ చూసినవాణ్ణి. నైట్‌డ్యూటీ గారు పట్టుకున్న ‘అనుమతి’ అనే దారం పట్టుకుని వెనక్కి నడిస్తే అది మొదటి ఏళ్లదాకా పోతుందని నాకు తోస్తోంది.

కంపానియన్లలో మొట్టమొదట వెళ్లిపోయినది డాక్టర్ సొంత మనవరాలు సూసన్. 1964 డిసెంబరు 26న ప్రసారమైన భాగంలో, డేలెక్‌లు అనే శత్రుజాతి ధ్వంసం చేసిన లండన్‌లో ఆమె డేవిడ్ అనే యువకుణ్ణి ప్రేమిస్తుంది, కానీ తాతను వదిలి ఉండలేదు. ఏం చేయాలో ఆమె తేల్చుకోకముందే తాతగారు టార్డిస్ తలుపు లోపలినుంచి వేసేసి, బయట నిలబెట్టి, ఎంతో అందమైన వీడ్కోలు ప్రసంగం చేసి వెళ్లిపోతారు. ఆ ప్రసంగాన్ని అభిమానులు ఈనాటికీ కళ్లనీళ్లతో తలచుకుంటారు, నేనూ తలచుకుంటాను. కానీ తలుపు మూయబోయే ముందు ఆమెను అడగలేదన్నది మాత్రం నిజం.

1978లో లీలా వెళ్లిపోయిన తీరు ఇంకా విచిత్రం. కత్తి పట్టి తిరిగే యోధురాలు, ఎవరికీ తలవంచని మనిషి, డాక్టర్ సొంత గ్రహమైన గాలిఫ్రేలో ఆండ్రెడ్ అనే భద్రతాధికారితో పట్టుమని పది మాటలైనా మాట్లాడినట్టు మనకు కనబడకుండానే అతణ్ణి పెళ్లి చేసుకుని ఉండిపోతానంటుంది. 2008లో డోనా నోబుల్ సంగతి మనందరికీ తెలుసు. వద్దు, నా జ్ఞాపకాలు తీసేయవద్దు అని ఆమె ఏడుస్తూ బతిమాలుకుంటుంటేనే డాక్టర్ ఆమె తలమీద చేతులు పెట్టాడు. ప్రాణం నిలబెట్టడానికే చేశాడు, ఒప్పుకుంటాను. అయినా ఆమె వద్దంది.

ఆశ్చర్యమేమిటంటే ఈ తప్పును ఈ ధారావాహికే ఒకసారి గుర్తించి సరిదిద్దుకుంది. 2015 డిసెంబరులో వచ్చిన ‘హెల్ బెంట్’లో కంపానియన్ క్లారా జ్ఞాపకాలు తీసేయాలని డాక్టర్ పూనుకుంటే, నా గతం నాది, దానిమీద నాకు హక్కుంది అన్న ధోరణిలో ఆమె ఎదురు తిరుగుతుంది. చివరికి ఆ యంత్రాన్ని ఇద్దరూ కలిసి నొక్కుతారు, ఎవరి జ్ఞాపకం పోతుందో ఇద్దరికీ తెలియదు, పోయేది అతనిదే. డోనా ఏడుపుకు ఏడేళ్ల తరువాత దొరికిన సమాధానం అది. మరో పదేళ్లకు మళ్లీ సూసన్ తలుపు దగ్గరికే వచ్చాం.

అన్నట్టు, ఆ సూసన్ కూడా ఈ సీజన్‌లో వచ్చింది. ‘ది ఇంటర్‌స్టెల్లార్ సాంగ్ కాంటెస్ట్’లో డాక్టర్ శూన్యంలో గడ్డకట్టుకుపోతున్నప్పుడు కెరొల్ ఆన్ ఫోర్డ్ ముఖం అతని మనసులో మెరిసింది. ఎనభై నాలుగేళ్ల వయసులో ఆవిడ అలా కనిపించి ‘తాతా’ అని పిలుస్తుంటే మా ఇంట్లో నేను ఒక్కణ్ణే లేచి నిలబడ్డాను. ఆ తరువాత రెండు భాగాలు గడిచినా ఆవిడ ఊసు లేదు. నా అసలు కోపం అక్కడ ఉంది, బెలిండా విషయంలో ఉన్నది దానికి తోబుట్టువు వంటిది.

కార్డిఫ్ కాలమ్ (వేల్స్), 3 జూన్ 2025, మధ్యాహ్నం 1:40

కృష్ణాతీరం గారి జాబు రెండుసార్లు చదివాను. నేను ఇక్కడ చదువుకోవడానికి వచ్చిన విద్యార్థిని. శనివారం చివరి రెండు భాగాలను కలిపి సినిమా హాళ్లలో ప్రదర్శిస్తే వెళ్లి చూశాను. డాలస్ మామయ్య గారు చెప్పిన కోటు సన్నివేశంలో హాలంతా నిశ్శబ్దమైపోయింది. పదమూడో డాక్టర్‌గా జోడీ విటేకర్ రాగానే ఈలలు పడ్డాయి. బిల్లీ పైపర్ ఇటు తిరిగినప్పుడు మాత్రం కేకలూ నవ్వులూ ‘ఏమిటిది’ అన్న అరుపులూ ఒకేసారి వినబడ్డాయి, మా వెనక వరుసలో ఒక పెద్దావిడ మాత్రం ఏడ్చింది. ఇప్పటి డాక్టర్ షూటీ గాట్వా వెళ్లిపోతున్నందుకు ఏడ్చిందో, రోజ్ ముఖం మళ్లీ కనబడినందుకు ఏడ్చిందో అడిగే ధైర్యం చేయలేదు.

పాత్రకు అన్యాయం జరిగిందన్న బాధ ఎంతదూరం పోతుందో ఈ ఊళ్లో కళ్లారా చూడవచ్చు. కార్డిఫ్ బేలో మెర్మెయిడ్ కీ దగ్గర ఒక చెక్కగోడ నిండా ఉత్తరాలు, ఫొటోలు, పువ్వులు ఉంటాయి. దీనికి అనుబంధంగా వచ్చిన ‘టార్చ్‌వుడ్’ ధారావాహికలో 2009లో చనిపోయిన ఇయాంటో జోన్స్ అనే పాత్రకు అభిమానులు కట్టుకున్న స్మారకం అది. ఉన్న మనిషి కాడు, కల్పిత పాత్ర. అయినా వానకు తడవకుండా ఉత్తరాలకు ప్లాస్టిక్ కవర్లు తొడిగి మరీ పెడతారు. నేను మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది, ఇప్పుడు రాదు.

నిర్వాహకుడు, 3 జూన్ 2025, సాయంత్రం 6:00

ఒక మనవి. చిత్రీకరణ ఎప్పుడు మార్చారు, ఎవరు ఎందుకు మానేశారు, ఎవరి ఒప్పందం ఏమైంది అనే వదంతులతో కూడిన నాలుగు జాబులను తొలగించాను. తెరమీద ఉన్నదాని గురించి ఎంత కోపంగానైనా రాసుకోవచ్చు.

డాలస్ మామయ్య, 3 జూన్ 2025, రాత్రి 10:20

నైట్‌డ్యూటీ గారి పోలిక నన్ను రెండు రోజులు వేధించింది. మత్తులో ఉన్న రోగి అన్న మాటకు నా దగ్గర సమాధానం లేదు. అయితే ఒక్క ప్రశ్న: డాక్టర్ ముందు ఆ క్షణాన ఉన్న దారులేమిటి? రూబీ చెప్పేదాకా ఆ పాప ఉన్నట్టే ఎవరికీ గుర్తులేదు. బెలిండాను అడిగితే ఆమె ఏ పాప అంటుంది. గుర్తులేనివారిని ఏమని అడగాలి?

నైట్‌డ్యూటీ, 4 జూన్ 2025, ఉదయం 9:15

మంచి ప్రశ్న, డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. రూబీ చెప్పిన మాట డాక్టర్ నమ్మాడు కదా, బెలిండాకు కూడా అదే మాట చెప్పి, ఇలా ఒక పాప ఉండేదట, తెస్తే నీ జీవితం ఇలా మారుతుంది, తేవాలా అని అడగవచ్చు. ఆమె తే అంటుందనే నా నమ్మకం. అలా అని ఉంటే ఇదే ముగింపు నాకు ఈ సీజన్ మొత్తంలో ఇష్టమైనది అయ్యేది. ఒక నిమిషం సన్నివేశం. భాగం నిడివి గంట దాటింది, ఒమెగాను రప్పించడానికీ పంపించడానికీ అంత సమయం దొరికినప్పుడు దీనికొక నిమిషం దొరకదా?

డాలస్ మామయ్య, 4 జూన్ 2025, రాత్రి 8:30

ఆ నిమిషం ఉండవలసింది. నేను ఒప్పుకుంటున్నాను. కోటు మీద మాత్రం నా అభిప్రాయం మారదు.

సందేహాల రావు, 5 జూన్ 2025, ఉదయం 7:50

ఒమెగా ప్రస్తావన వచ్చింది కనుక. ‘ద త్రీ డాక్టర్స్’ కథతో 1972 చివర్లో మొదటిసారి వచ్చినప్పుడు, ముసుగు తీస్తే లోపల ముఖమే లేని మనిషి అతడు. కేవలం పట్టుదలతో బతికి ఉన్నాడు. ఇప్పుడు కంప్యూటర్లో గీసిన పెద్ద ఎముకలగూడు, ఒక రాణిని నమిలి మింగి నిష్క్రమించాడు. ఏమీ చూపించకుండా భయపెట్టిన ఆ రోజులే మేలు.

రాణి అనగానే ఇంకొకటి. ఆర్చీ పంజాబీ, అనిటా డాబ్సన్ ఇద్దరూ రాణులే. బై-జెనరేషన్‌తో రెండుగా చీలాక ఒకరు ‘ద రాణి’, మరొకరు వట్టి ‘ఎ రాణి’ అన్న చమత్కారం ఇంగ్లీషులో పండింది. మా నాన్నగారికి దాన్ని తెలుగులో చెప్పబోయి ఓడిపోయాను. ‘ఒక ఆవిడ రాణిగారు నాన్నా, ఇంకో ఆవిడ ఉత్త రాణి’ అన్నాను. ఆయన ‘పెద్ద రాణి, చిన్న రాణి అనరాదూ, మన కథల్లో ఎప్పుడూ ఉన్నవాళ్లేగా’ అన్నారు.

కృష్ణాతీరం, 5 జూన్ 2025, ఉదయం 10:05

నాన్నగారి అనువాదానికి నా ఓటు. అయితే మన కథల్లో పెద్ద రాణి ఇంత తేలిగ్గా ఒకరి నోట్లో పడదు. 1985లో కేట్ ఒమారా వేసిన రాణి ఎవరిమీదా పగతో కాక కేవలం పరిశోధన పిచ్చితో చెడ్డది. మనుషులను ప్రయోగశాల ఎలుకల్లా చూసేది. ఆర్చీ పంజాబీ ఆ చల్లదనాన్ని చక్కగా పట్టుకుంది, ‘విష్ వరల్డ్’లో ఎముకల రాజభవనంలో ఆవిడ నడక చూస్తేనే తెలుస్తుంది. చివరి భాగంలో ఆవిడకు మిగిలింది అరగంట కూడా లేదు.

బిల్లీ పైపర్ గురించి అందరూ అడుగుతున్నారు కనుక: ఆఖరి పేర్లలో ఆమెను ‘డాక్టర్‌గా’ అని వేయలేదు, ‘పరిచయం’ అని మాత్రమే వేశారు. ఆమె 2005లో రోజ్‌గా వచ్చింది, 2013లో ఏభై ఏళ్ల ప్రత్యేక భాగంలో అదే ముఖంతో ఒక ఆయుధపు అంతరాత్మగా కనిపించింది. కాబట్టి ముఖం చూసి నిర్ధారణకు రావడం తొందరపాటు. రీజెనరేషన్‌ను పరకాయప్రవేశం అని మనవాళ్లు కొందరు రాస్తుంటారు గానీ అది సరికాదు, ఇక్కడ ఇంకొకరి కాయంలోకి పోవడం లేదు, తన కాయమే మారుతోంది. ఈసారి మాత్రం ఆ మాటే సరిపోతుందేమోనని నాకు అనుమానంగా ఉంది.

కార్డిఫ్ కాలమ్, 6 జూన్ 2025, రాత్రి 11:10

చివరి భాగం మీద కోపంలో సీజన్ మొత్తాన్నీ తీసిపారేయవద్దని మనవి. ‘ద వెల్’ చూసిన రాత్రి నేను వీపును గోడకు ఆనించి పడుకున్నాను. రోజ్ ఎయిలింగ్-ఎల్లిస్ పోషించిన ఎలిస్ వినికిడి లేని మనిషి. ఆమె వెనక ఏదో ఉందని ఎదుటివాళ్లకు తెలుస్తుంది, ఆమెకు మాత్రం వినబడదు, తిరిగి చూస్తే కనబడదు. ఇది 2008లో ‘మిడ్‌నైట్’ భాగంలో చూసిన గ్రహమేనని తెలిసే క్షణం నాకు ఒళ్లు జలదరించింది. అప్పుడు కూడా ఆ జీవిని చూపించలేదు, ఇప్పుడూ చూపించలేదు. సందేహాల రావు గారు కోరుకునేది అదే.

లాగోస్ సెలూన్‌లో జరిగే ‘ద స్టోరీ అండ్ ది ఇంజిన్’ కూడా అంతే. కుర్చీలో కూర్చుని కథ చెబితే ఆ కథే యంత్రాన్ని నడుపుతుంది. డాక్టర్ తన కథను ‘పుట్టాను, చచ్చాను, పుట్టాను’ అని మూడు ముక్కల్లో చెప్పి ఆ యంత్రానికి మోయలేనంత బరువు ఎక్కిస్తాడు. జుట్టులో జడలుగా దారి పటం అల్లడం నేను ఎప్పటికీ మరవను. అయితే మీరు అనుమతి గురించి మాట్లాడటం మొదలుపెట్టాక ఒక్కటి తట్టింది. అందులో అబేనా డాక్టర్ మీద మోపే నేరం కూడా దాదాపు ఇదే: తండ్రి అనాన్సీ ఆమెను పందెంలో పెట్టాడు, డాక్టర్ గెలిచాడు, గెలిచి ఆమెను అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ఆమెకేం కావాలో ఇద్దరిలో ఎవరూ అడగలేదు. ఐదో భాగంలో అంత తెలివిగా అన్న మాట ఎనిమిదో భాగానికి గుర్తులేకపోవడం వింత.

నీలిపెట్టె, 8 జూన్ 2025, ఉదయం 11:30

నిన్న శనివారం కొత్త భాగం లేదు. అలవాటుగా పన్నెండున్నరకు కంచం పట్టుకుని గదిలోకి వెళ్లి, ఏం చేయాలో తోచక ‘ద రోబోట్ రెవల్యూషన్’ మళ్లీ పెట్టాను. అమ్మ కూడా వచ్చి కూర్చుంది. పాపి గురించి ముందే ఎక్కడైనా ఒక చిన్న సూచన వదిలి ఉంటారేమో, నేనే గమనించలేదేమో అని కాగితం పెన్ను పక్కన పెట్టుకుని చూశాను. ఆ భాగంలో పాపి పేరు ఎక్కడా లేదు. బెలిండా ఇంటికి పోవాలన్నప్పుడు అందులో ఏ బిడ్డా లేదు, అలసిపోయిన ఒక మనిషి తన జీవితం తనకు తిరిగి ఇమ్మనడమే ఉంది. ఆ సన్నివేశాన్ని చివరి భాగంలోని కొత్త రూపంతో పక్కపక్కన పెట్టి చూశాను. కొత్త దానిలో ఆమె కారణం మారింది, ముఖంలో అంతకుముందున్న మొండితనం తగ్గి బతిమాలడం చేరింది. నటన రెండింటిలోనూ గొప్పగా ఉంది కనుకనే బాధ ఎక్కువైంది.

అమ్మకు వెనకా ముందూ కథ తెలియదు. బెలిండా డాక్టర్‌ను నిలదీసే చోట చేతిలోని విసనకర్ర ఆపి, ‘ఈ పిల్ల గట్టిది. తరవాత ఏమైంది?’ అని అడిగింది. నేను చెప్పలేదు, ‘లక్స్’ పెట్టాను.

‘లక్స్’ గురించి ఎవరూ రాయలేదేమి? 1952 మయామీలో సినిమా హాలు, తెరలోంచి బయటికి వచ్చే కార్టూన్ బొమ్మ, అన్నిటినీ మించి ఆ సోఫా మీద కూర్చుని ఇదే ధారావాహిక చూసే ముగ్గురు అభిమానులు. డాక్టర్ తెర బద్దలు కొట్టుకుని వాళ్ల గదిలోకి వస్తాడు. మీకు ఇష్టమైన భాగం ఏదంటే ముగ్గురూ ‘బ్లింక్’ అంటారు, అందులో డాక్టర్ కనబడేదే తక్కువ కనుక ఆయన ముఖం చిన్నబోతుంది. తామే కల్పితమని తెలిసినా ఆ ముగ్గురూ ఆయనను వెళ్లిపొమ్మనే అంటారు. మొదటిసారి చూసినప్పుడు పగలబడి నవ్వాను. ఈసారి గమనించినది వేరు: వెళ్లమని వాళ్లంతట వాళ్లే అన్నారు, పోయేది తామేనని తెలిసి మరీ అన్నారు. బెలిండాకు దక్కని ఆ ఒక్క నిమిషం సోఫా మీది అభిమానులకు దక్కింది.

నైట్‌డ్యూటీ, 8 జూన్ 2025, సాయంత్రం 5:20

సోఫా మీది వాళ్ల సంగతి నాకు తట్టనే లేదు. పేర్లు పడ్డాక వాళ్లు ఇంకా బతికే ఉన్నట్టు చూపిస్తారు కూడా. అమ్మగారికి ‘ద వెల్’ రాత్రిపూట చూపించవద్దు.

కృష్ణాతీరం, 29 అక్టోబరు 2025, ఉదయం 6:40

పాత చర్చను కదిలిస్తున్నందుకు మన్నించాలి. డిస్నీతో భాగస్వామ్యం ముగిసిందనీ, ప్రధాన రచయిత రసెల్ టి. డేవిస్ రాసే ప్రత్యేక భాగం 2026 క్రిస్మస్‌కు వస్తుందనీ నిన్న బీబీసీ ప్రకటించింది. అంటే బిల్లీ పైపర్ ఎవరో తెలియడానికి ఇంకా ఏడాదికి పైగా ఆగాలి. 1989లో ఆగిపోయినప్పుడు మళ్లీ సీజన్‌గా రావడానికి 2005 దాకా పట్టింది, మధ్యలో 1996లో ఒక్క టెలివిజన్ సినిమా మాత్రం మెరిసి పోయింది. ఆ లెక్కన ఇది పెద్ద నిరీక్షణ కాదు.

ఇంకొక సంగతి మీతో పంచుకోవాలని. లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్ తన ఇరవై నాలుగో ఏట ఈ ధారావాహిక మొట్టమొదటి కథకు దర్శకత్వం వహించారని మీకు తెలుసు. ఆయనే ఎక్కువ భాగాలకు దర్శకత్వం వహించిన ‘మార్కో పోలో’ కథ ఏడు భాగాల టేపులనూ బీబీసీ ఆ రోజుల్లో చెరిపేసింది. నేను మొన్న ఆ కథ మొత్తం విన్నాను. చూడలేదు, విన్నాను, ఎందుకంటే 1964లో కొందరు అభిమానులు ఇళ్లలో టీవీ దగ్గర టేప్ రికార్డర్ పెట్టి శబ్దాన్ని పట్టి ఉంచారు. అందులో సూసన్, పింగ్-చో అనే అమ్మాయి ఇద్దరూ చెప్పుకునే కబుర్లు ఉన్నాయి. పింగ్-చోను ఒక ముసలి పెద్దమనిషికిచ్చి పెళ్లి చేయడానికి తీసుకుపోతుంటారు. ఆ పెళ్లి ఆమెను అడిగి కుదిర్చినది కాదు. సూసన్ అది విని తెల్లబోతుంది. తన తలుపు మూసుకునే రోజు అదే ఏడాది చివర్లో ఉందని ఆ పిల్లకు తెలియదు.

డాలస్ మామయ్య, 29 అక్టోబరు 2025, రాత్రి 9:00

కృష్ణాతీరం గారూ, ఆ ధ్వనిభాగాలు మా అమ్మాయితో కలిసి వింటాను. పాపి కోటు ఎక్కడికి పోయిందో తను ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

నైట్‌డ్యూటీ, 30 అక్టోబరు 2025, ఉదయం 8:45

2026 క్రిస్మస్ డ్యూటీల పట్టీ వేయడానికి ఇంకా చాలా వ్యవధి ఉన్నా, నా అదృష్టం సంగతి నాకు తెలుసు కనుక ముందే కోరుతున్నాను: ఆ రాత్రి నాకు డ్యూటీ పడితే, నేను ఇంటికి చేరి చూసేదాకా శీర్షికలో ఎవరూ ఏ పేరూ రాయవద్దు.

నిర్వాహకుడు, 30 అక్టోబరు 2025, ఉదయం 9:10

నమోదు చేసుకున్నాను. చర్చ తెరిచే ఉంటుంది.